బస్సులో కెమెరా: ఊడకుండా, ఊగకుండా

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బస్సు లోపల పెట్టే కెమెరాల గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది 40 సీట్ల స్కూలు బస్సు. సీలింగుకు రెండు డోమ్ కెమెరాలు స్క్రూలతో బిగించి వెళ్లారు. నెల తిరక్కుండానే ఒకటి ఊడి వైరు మీద వేలాడుతోంది, రెండోదాంట్లో బొమ్మ వణుకుతోంది. పిల్లల నెత్తిన పడితే ఎలాగని భయంగా ఉంది. మళ్లీ ఊడకుండా ఎలా బిగించాలి?
– ఒక స్కూలు నిర్వాహకులు, చీపురుపల్లి

జవాబు: వేలాడుతున్న కెమెరాను ఈ రోజే దించేయండి. వైరు బరువు మోయడానికి చేసింది కాదు. లోపలి తీగ తెగి షార్టయ్యే ప్రమాదం కూడా ఉంది.

ఇక అసలు కారణానికి వద్దాం. మీకు పైన కనిపించే సీలింగు వట్టి తొడుగు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల రేకో, ప్లైవుడ్డో, షీటో ఉంటుంది. ఒక మి.మీ. రేకులో స్క్రూ మర ఒకటి రెండు చుట్లకు మించి కరవదు. గతుకుల రోడ్డు మీద ఆ కొద్దిపాటి పట్టు దగ్గరే రేకు అరిగి, గుండ్రటి రంధ్రం కోలగా మారుతుంది. మొదట బొమ్మ వణుకుతుంది, తర్వాత స్క్రూ జారుతుంది. మీ రెండో కెమెరా ఇప్పుడు మొదటి దశలో ఉంది. డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ గిట్టీలు ఇంటి గోడ కోసం. రేకులో వాటికి పట్టు దొరకదు.

బరువు ఆనాల్సింది సీలింగు వెనక, కిటికీ స్తంభాల మీంచి అడ్డంగా పోయే ఇనుప గొట్టాలకు. అవి ఎక్కడున్నాయో కనుక్కోవడం కష్టం కాదు. సీలింగు మీద అడ్డంగా రివెట్ల వరస కనిపిస్తే గొట్టం సాధారణంగా దాని వెనకే ఉంటుంది. వేలితో కొట్టి చూసినా తెలుస్తుంది: ఖాళీ చోట డొల్లగా, గొట్టం ఉన్నచోట గట్టిగా మోగుతుంది. డ్రిల్లు పెట్టేముందు పక్కనున్న లైటు ఒకటి విప్పి, ఆ కంతలోంచి టార్చి వేసి చూడండి. లైట్ల, స్పీకర్ల వైర్లు అక్కడే పోతుంటాయి.

కావలసినవి (ఒక్కో కెమెరాకు): 140 × 100 మి.మీ., 3 మి.మీ. మందం ఇనుప ప్లేటు ఒకటి, ఎం5 (5 మి.మీ. మర) స్టీలు రివెట్ నట్లు (గొట్టం రంధ్రంలో కూర్చుని బోల్టుకు మర ఇచ్చేవి) రెండు, ఎం5 × 20 బోల్టులు రెండు, కెమెరా అడుగు కోసం ఎం4 మర స్క్రూలు, వాటికి నైలాన్ పట్టీ ఉన్న నట్లు, 2 మి.మీ. రబ్బరు ముక్క, 2 మి.మీ. స్టీలు తీగ తాడు జానెడు, దానికి నొక్కే క్లిప్పులు రెండు. రివెట్ నట్టు బిగించే గన్ను బాడీ షెడ్డు వాళ్ల దగ్గర ఉంటుంది. సాలూరు లాంటి లారీల ఊళ్లలో అడిగితే దొరుకుతుంది.

గొట్టం వెడల్పుకు సరిగ్గా నడుమన, 100 మి.మీ. ఎడంలో రెండు గుర్తులు పెట్టండి. గొట్టం వంపు తిరిగే చోట, వెల్డింగు అతుకు దగ్గర రంధ్రం చెయ్యకూడదు. బండి తిరగబడితే కప్పును కాపాడేవి ఆ చోట్లే. ముందు 2.5 మి.మీ. బిట్టుతో పైలట్ రంధ్రం వేయండి. బిట్టు మొన నుంచి 12 మి.మీ. వదిలి టేపు చుడితే ఎక్కడ ఆపాలో కంటికి తెలుస్తుంది. ఆ జాగ్రత్త లేకపోతే పైరేకు దాకా దిగిపోతుంది, మొదటి వానకే బస్సు కారుతుంది. తర్వాత సీలింగు షీటును మాత్రం 14 మి.మీ. వెడల్పు చేసి, గొట్టానికి 7 మి.మీ. రంధ్రం పెట్టండి.

షీటును ఎందుకు పెద్దగా కొయ్యాలంటే, రివెట్ నట్టు తల నేరుగా గొట్టం మీద కూర్చోవాలి. షీటు మీద కూర్చుంటే బోల్టు బిగించిన ప్రతిసారీ షీటు నలుగుతుంది, కొన్నాళ్లకు బిగువు పోతుంది. చాలామంది మెకానిక్కులు తప్పు చేసేది ఇక్కడే. షీటు మందం ఎంతుందో అంతకు సరిపడా వాషర్లు మధ్యలో పేర్చి, ఆ మీద ప్లేటు పెట్టండి. కోసిన అంచులకు రెడ్ ఆక్సైడు పూయండి. ఇనుప రజను లైట్లలో పడకుండా డ్రిల్లు కింద అయస్కాంతం పట్టుకుంటే చాలు.

బోల్టు మరకు నూనె లేకుండా తుడిచి, నీలం రంగు మర జిగురు (లాక్‌టైట్ 243 రకం) ఒక చుక్క వేయండి. ఎర్రది వద్దు, దాన్ని మళ్లీ విప్పాలంటే బాగా కాల్చాలి. ఈ జిగురు కెమెరా గాజుబుడ్డి లాంటి ప్లాస్టిక్ మూతకు తగలనివ్వకండి. తగిలిన చోట సన్నటి పగుళ్లు వస్తాయి. అందుకే జిగురు ప్లేటు బోల్టులకే, కెమెరా స్క్రూలకు నైలాన్ నట్లు. ఆ నట్లు ప్లేటు వెనక వస్తాయి కాబట్టి కెమెరా అడుగును ముందే ప్లేటుకు బిగించుకుని, తర్వాత ప్లేటును పైకి ఎక్కించాలి. వెనక పొడుచుకొచ్చే నట్లకు సీలింగు అడ్డొస్తే అక్కడ షీటుకు చిన్న కంతలు కొట్టండి.

కెమెరా అడుగుకూ ప్లేటుకూ మధ్య 2 మి.మీ. రబ్బరు చాలు. పాత ట్యూబు ముక్కయినా పరవాలేదు. మెత్తటి స్పాంజి మాత్రం పెట్టకండి, దాని మీద కెమెరా ఊగి బొమ్మ ఇంకా పాడవుతుంది. రబ్బరు కొత్తలో కొంచెం అణుగుతుంది కనుక వారం నడిపాక కెమెరా స్క్రూలను ఇంకోసారి బిగించాలి. అప్పుడు ప్రతి బోల్టు తల మీంచి ప్లేటు మీదకు ఒకే గీతగా ఎర్ర పెయింటు గియ్యండి. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. బండి కడిగే రోజు క్లీనరు తలెత్తి చూస్తే సరిపోతుంది.

స్టీలు తాడు ఒక కొసను కెమెరా లోహపు అడుగుకు, రెండోదాన్ని గొట్టానికి వేరే స్క్రూతో బిగించండి. ఈ స్క్రూ ప్లేటుది కాకూడదు. ఒకవేళ ప్లేటు మొత్తం ఊడినా కెమెరా 10 – 15 సెం.మీ. దిగి ఆగుతుంది, తలల దాకా రాదు. చివరగా, వేలాడదీసే స్ప్రింగు కాటా కొక్కేన్ని ప్లేటుకు తగిలించి 10 కిలోల దాకా లాగండి. కెమెరా బరువు అరకిలో లోపే. అయినా గోతిలో పడ్డప్పుడు ఆ కుదుపు బరువును చాలా రెట్లు చేస్తుంది. ప్లేటు కదలకపోతే మీ పని అయినట్టే.

మీకు కావలసిన చోట గొట్టం లేకపోతే రెండు గొట్టాల మధ్య 25 × 25 × 3 యాంగిల్ వేసి దానికి కెమెరా పెట్టండి. చదును పట్టీ వేస్తే వీణ తీగలా మోగుతుంది. నడిచే దారికి పైన, అత్యవసర ద్వారం దగ్గర మాత్రం ఏదీ బిగించకండి.

ప్రశ్న: పలాస నుంచి యాత్రలకు తిప్పే బస్సు మాది. ముందు అద్దం పైన ఒకే కెమెరా ఉంది, 1080 రకం. వెనక సీట్లో బ్యాగు పోతే ముఖం పోల్చలేకపోయాం. ఎక్కువ మెగాపిక్సెళ్లు కొనాలా?
– ఒక ట్రావెల్స్ యజమాని, పలాస

జవాబు: లోపం లెన్సుది. మీ కెమెరాలో 2.8 మి.మీ. లెన్సు ఉండి ఉంటుంది. అది సుమారు 100 డిగ్రీలు చూస్తుంది. 10 మీటర్ల దూరాన దాని చూపు వెడల్పు దాదాపు 24 మీటర్లు. మీ బస్సు లోపలి వెడల్పు రెండున్నర మీటర్లు కూడా ఉండదు. అంటే బొమ్మలో సింహభాగం గోడలకూ అద్దాలకే పోతోంది.

తెలియని మనిషి ముఖాన్ని పోల్చడానికి మీటరుకు 250 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు), తెలిసిన మనిషే అని గుర్తుపట్టడానికి 125 కావాలని నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 (2014 నాటిది) చెప్పింది. 1080 రకం బొమ్మలో అడ్డంగా ఉండే 1920 పిక్సెళ్లను 24 మీటర్లకు పంచితే మీటరుకు 80 వస్తాయి. 2.8 లెన్సుతో ముఖం పోల్చగలిగేది సుమారు 3 మీటర్ల వరకే, అంటే ముందు మూడు నాలుగు వరసలు. అదే చోట 6 మి.మీ. లెన్సు (సుమారు 50 డిగ్రీలు) పెడితే 8 మీటర్ల దాకా 250 అందుతుంది.

అయితే మీలాంటి ఎత్తు సీట్ల బస్సులో ఒక చిక్కుంది. దూరం నుంచి ఏటవాలుగా చూసే కెమెరాకు వెనకవాళ్లు ముందు సీటు చాటున పోతారు. అందుకే మేమైతే రెండో కెమెరాను బస్సు పొడవుకు నడుమన సీలింగుకు, వెనకవైపు చూసేట్టు పెడతాం. చాలామంది వెనక అద్దం దగ్గర పెట్టి ముందుకు తిప్పుతారు. అందులో కనిపించేవి జుట్టూ మెడలూ మాత్రమే, పైగా ముందు అద్దం వెలుతురుకు బొమ్మ నల్లబడుతుంది. మూడోది మెట్లకు ఎదురుగా, ఎక్కేవాళ్ల ముఖం ఒకటిన్నర రెండు మీటర్లలో ఉండేలా. ఒక్కటే కొనగలిగితే మెట్ల దగ్గరది కొనండి. బస్సులో ఉన్న ప్రతి ముఖమూ ఒకసారి అక్కడ పడుతుంది.

రంధ్రం చేసేముందు కెమెరాను టేపుతో అంటించి, మనిషిని ఒక్కో సీట్లో కూర్చోబెట్టి తెర మీద చూసుకోండి. ఎత్తు ఒక చెయ్యి మారినా చాటు మారిపోతుంది.

ప్రశ్న: కెమెరాలు పెట్టించిన దగ్గర్నుంచి మూడు రోజులు సెలవొస్తే బండి స్టార్టవడం లేదు. స్టార్టు చేసినప్పుడల్లా రికార్డరు ఆగి మళ్లీ మొదలవుతోంది.
– ఒక డ్రైవరు, నరసన్నపేట

జవాబు: రెండూ వైరింగు తప్పులే. రికార్డరుకు మూడు వైర్లుంటాయి: బ్యాటరీ పాజిటివ్, ఎర్తు, తాళం వైరు. ఎక్కువ వాటిల్లో అవి వరుసగా ఎరుపు, నలుపు, పసుపు. అయినా మీ డబ్బా మీద రాసినదే చూడండి. తాళం వైరును కూడా బ్యాటరీకే కలిపేసి ఉంటారు, అందుకే రికార్డరు ఎప్పుడూ నిద్రపోదు. నాలుగు కెమెరాలు, రికార్డరు కలిపి 30 వాట్లు అనుకుంటే 24 వోల్టుల బండిలో 1.25 ఆంపియర్లు. రోజుకు 30 ఆంపియర్-గంటలు, మూడు రోజులకు 90. మీ బ్యాటరీలు 100 ఆంపియర్-గంటల రకమైతే ఇక మిగిలేదేముంది? పసుపు వైరును తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు మార్చండి, తాళం తీశాక రికార్డరు ఆరే గడువు 10 నిమిషాలు పెట్టండి.

పెద్ద బస్సుల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా ఉంటాయి. కొందరు 12 వోల్టుల కెమెరా కోసం ఒక్క బ్యాటరీ మీంచి లైను లాగుతారు. ఇది చాలా చెడ్డ పని: ఒకటి ఎండిపోతుంది, రెండోది ఎక్కువ చార్జయి ఉడుకుతుంది, రెండూ పాడవుతాయి. కెమెరాల 12 వోల్టులు రికార్డరు నుంచే రావాలి. సెల్ఫు కొట్టినప్పుడు వోల్టేజి బాగా పడిపోతుంది కాబట్టి 8 నుంచి 36 వోల్టులు తట్టుకునే రికార్డరు కావాలి. మీది అలాంటిదే అయితే బ్యాటరీ దగ్గర జాయింటు, ఎర్తు చూడండి. పెయింటు మీద బిగించిన ఎర్తు వల్లే ఎక్కువసార్లు ఇలా అవుతుంది. గీకి, మెరిసే లోహం మీద బిగించండి. 5 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి. దూరంగా పెడితే ఈలోగా ఒరిసిన వైరును ఆ ఫ్యూజు కాపాడలేదు.

బ్యాటరీ కటాఫ్ స్విచ్చు ఉంటే రికార్డరు లైటు ఆరాకే దాన్ని తిప్పండి. ముందే తిప్పితే ఆఖరి ఫైలు మూతపడదు, తెరుచుకోదు.

ప్రశ్న: రాత్రి బొమ్మ అంతా తెల్లటి మంచులా ఉంటోంది. స్క్రూలు అప్పుడే తుప్పు పట్టాయి.
– బారువ నుంచి ఒక పాఠకుడు

జవాబు: సముద్రపు ఉప్పు తేమ డోమ్ మీద సన్నటి పొరగా కడుతుంది. కెమెరా చీకట్లో విసిరే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఆ పొరకే తగిలి వెనక్కొస్తుంది. వారానికోసారి తడి మెత్తటి గుడ్డతో తుడవండి. పొడి గుడ్డయితే ఉప్పే గీతలు పెడుతుంది. తుడిచినా పోకపోతే మూత విప్పి, లెన్సు చుట్టూ ఉండే నల్ల స్పాంజి రింగు మూతకు ఆనుతోందో లేదో చూడండి. ఆనకపోతే వెలుగు పక్కనుంచి లెన్సులోకి వస్తుంది. పట్టుకునే రాడ్డు దగ్గరగా ఉన్నా ఇదే తంతు. స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి వేయండి, 304 తీరంలో మరకలు పడుతుంది.

ప్రశ్న: మా పాప స్కూలు బస్సులో కెమెరా పెట్టారు. మంచిదే, కానీ ఆ వీడియోలు ఎవరు చూస్తారు? ఎన్నాళ్లు ఉంటాయి?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగారమ్మా. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. స్కూలు మీ దగ్గర రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవడం, కెమెరా ఉందని ద్వారం దగ్గర తెలుగులో బోర్డు పెట్టడం మంచిది. మాటలు రికార్డు చెయ్యవద్దని, మైకు ఆపేయమని అడగండి. భద్రతకు బొమ్మ చాలు. రికార్డరు తాళం, పాస్‌వర్డు డ్రైవరు దగ్గర ఉండకూడదు. స్కూల్లో ఇద్దరికి మించి చూడకూడదు, ఎవరు ఎప్పుడు చూశారో పుస్తకంలో రాయాలి. వీడియో ముక్క వాట్సాప్‌లోకి పోనివ్వకూడదు.

ఎన్నాళ్లన్నది రికార్డరులోని మెమరీ కార్డు చెబుతుంది. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే గంటకు 900 ఎంబీ. రెండు కెమెరాలు, రోజుకు 5 గంటలు అంటే 9 జీబీ. 128 జీబీ కార్డులో 13 – 14 రోజులు నిలుస్తాయి, ఆ తర్వాత పాతవాటి మీదే రాసుకుంటూ పోతుంది. కాబట్టి ఏదైనా జరిగితే ఆ రోజే కార్డు తీయించి, కొత్తది వేయించండి. కేసు దాకా వెళ్తే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతపరచాలి. అందుకే కత్తిరించిన క్లిప్పు కాకుండా అసలు ఫైలునే భద్రంగా ఉంచమనండి.

ప్రశ్న: పాత ఫోన్ను వాక్యూమ్ స్టాండుతో అద్దానికి అంటిస్తే సరిపోదా?
– బొబ్బిలి నుంచి

జవాబు: వద్దు. ఎండలో నిలబెట్టిన బస్సు అద్దం దగ్గర వేడికి రబ్బరు కప్పు మెత్తబడి గాలి దూరుతుంది, ఫోన్ రాలిపోతుంది. ఎప్పుడూ చార్జింగులో ఉండి ఆ వేడికి మాడే ఫోన్ బ్యాటరీ ఉబ్బుతుంది, నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. ఆ ఫోన్ను ఇంట్లోనే ఉంచండి.