పాతకాలపు ఇంగ్లీషు సీరియళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సాయంత్రం ఏడయితే మా ఇంట్లో తెలుగు సీరియళ్లే. నాకేమో బ్రిటిష్ వాళ్లు తీసే పాతకాలపు కథలంటే ఇష్టం. కానీ రెండు భాగాలు చూసేసరికి ఎవరికి ఎవరేమవుతారో తెలియక వదిలేస్తున్నాను. మాటలూ అందడం లేదు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: వదలకండి. ముందు చిన్నది పట్టుకోండి. 1995లో బీబీసీ తీసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మొత్తం ఆరే భాగాలు, ఒక్కోటి గంటలోపే. ముగింపు తెలిసి రాసిన కథ కనుక మొదట్లో దొర్లిన మాట చివర్లో అక్కరకొస్తుంది. రోజువారీ సీరియల్‌కు ఆ వీలుండదు. రేటింగు ఉన్నంతకాలం సాగాలి కాబట్టి చిన్న గొడవని కూడా వారాలకొద్దీ లాగుతారు.

తికమకంతా పిలుపుల దగ్గరే. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో బెన్నెట్‌ల ఇంటి పెద్దమ్మాయి జేన్ మాత్రమే ‘మిస్ బెన్నెట్’. చెల్లెలు ‘మిస్ ఎలిజబెత్’. అక్క లేనిచోట ఆ చెల్లెలే ‘మిస్ బెన్నెట్’ అవుతుంది! మరో సీరియల్ ‘డౌన్‌టన్ యాబీ’లో ఇంటి అజమాయిషీ చూసే హ్యూస్‌కు పెళ్లి కాకపోయినా ‘మిసెస్’ అనే అంటారు. అది ఆ ఉద్యోగానికిచ్చే మర్యాద. ఒక కాగితం మీద వంశవృక్షం గీసి దగ్గర పెట్టుకోండి.

ఇక డబ్బు లెక్క. బెన్నెట్‌ల రాబడి ఏడాదికి 2,000 పౌండ్లు, కథానాయకుడు డార్సీది 10,000. బెన్నెట్‌ల ఆస్తి మగ వారసుడికే దక్కుతుంది. వాళ్లకున్నది ఐదుగురూ ఆడపిల్లలే. తండ్రి పోతే ఇల్లు బంధువు కాలిన్స్‌ది. కూతుళ్ల పెళ్లిళ్ల కోసం ఆ తల్లి ఆరాటం అందుకే. ఎలిజబెత్ కాదన్న కాలిన్స్‌ను ఆమె స్నేహితురాలు, 27 ఏళ్ల షార్లెట్, చేసుకుంటానంటుంది. తనకో సుఖమైన ఇల్లు దొరికితే చాలంటుంది. ఆ సన్నివేశం రెండుసార్లు చూడండి. సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టాలని చూసిన ‘కన్యాశుల్కం’ పుట్టిన జిల్లావాళ్లం, పెళ్లి వెనక డబ్బు లెక్క మనకు కొత్తేమీ కాదు.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. వీడియో వేగం 0.75కి మించి తగ్గించకండి, గొంతులు సాగిపోతాయి. అర్థం కాని చోట పది సెకన్లు వెనక్కి వెళ్లడమే మేలు.

ప్రశ్న: కొత్త టీవీలో ఈ సీరియళ్లు పెళ్లి వీడియోలా నున్నగా కనిపిస్తున్నాయి. రాత్రి సీన్లలో ఏమీ తెలియడం లేదు.
– ఒక పాఠకుడు, పాలకొండ

జవాబు: వీటిలో చాలావాటిని సెకనుకు 24 లేదా 25 ఫ్రేములతో (విడి బొమ్మలతో) తీస్తారు. మధ్యలో లేని ఫ్రేముల్ని మీ టీవీ కల్పించి చేరుస్తోంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపెయ్యండి. శాంసంగ్‌లో ‘ఆటో మోషన్ ప్లస్’ లేదా ‘పిక్చర్ క్లారిటీ’, సోనీలో ‘మోషన్‌ఫ్లో’, ఎల్‌జీలో ‘ట్రూమోషన్’ అని ఉంటుంది. ‘వివిడ్’ మోడ్ తీసి ‘సినిమా’ మోడ్ పెట్టండి. వివిడ్‌లో కాంట్రాస్ట్ ఎక్కువై, కొవ్వొత్తి వెలుగులో తీసిన సీన్లలో నీడలన్నీ నల్లటి ముద్దవుతాయి. తెరకు ఎదురుగా ఉన్న ట్యూబ్‌లైటు కూడా ఆర్పండి.

ప్రశ్న: ‘అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్’ మొదట్లో కొన్ని భాగాలు నలుపు తెలుపులో వచ్చాయి. కాపీ పాడైందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: కాపీ బాగానే ఉంది. అవి తీసేనాటికి స్టూడియో సాంకేతిక సిబ్బంది జీతాల వివాదంతో రంగుల కెమెరాలు ముట్టలేదు. 1971లో అవి అలాగే ప్రసారమయ్యాయి. దాటెయ్యకండి.