మొదటి రోజు పిల్లల్ని పరుగులు పెట్టించకండి

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూలు వాళ్లు పిల్లల్ని సింగపూర్ తీసుకెళ్తున్నారు. శంషాబాద్ నుంచి రాత్రి పదకొండుకి ఫ్లైట్. మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ విదేశం వెళ్లలేదు, ఆ మొదటి రోజు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. చేతి బ్యాగులో ఏం పెట్టాలి? దిగాక ఏమవుతుంది?
– ఒక అమ్మ, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు టైమ్ లెక్క చూడండి, సగం సంగతి అందులోనే ఉంది. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానానికి సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది. రాత్రి పదకొండుకి బయల్దేరితే మన లెక్కలో తెల్లవారుజామున మూడున్నరకి దిగుతారు, కానీ అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అప్పటికే ఉదయం ఆరు. అంటే సరిగ్గా నిద్ర పట్టకముందే పిల్లకి తెల్లారిపోతుంది. పైగా హోటల్లో గదులు మామూలుగా మధ్యాహ్నం రెండో మూడో దాటితే గానీ ఇవ్వరు. పెద్ద సూట్‌కేసు అప్పటిదాకా బస్సు డిక్కీలోనే ఉంటుంది, మధ్యలో తీయమంటే ఎవరూ తీయరు.

అందుకే ఆ ఎనిమిది గంటలూ వీపు బ్యాగుతోనే గడిచేలా సర్దండి. ఒక జత బట్టలు, బ్రష్షు, శానిటరీ ప్యాడ్లు, పల్చటి స్వెటర్ (విమానంలోనూ మాల్స్‌లోనూ ఏసీ బాగా చలి పెడుతుంది), ఖాళీ నీళ్ల సీసా. అక్కడ కుళాయి నీళ్లే తాగుతారు, నిశ్చింతగా పట్టుకోవచ్చు. రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీతో సహా పెట్టండి, కానీ కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్రమాత్రల్లాంటివి ముందుగా అనుమతి తీసుకోకుండా ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదు. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి, ఆవకాయ సీసా మాత్రం సూట్‌కేసులోకి పోవాలి. తారుమారైతే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. ఛార్జర్‌కి అడాప్టర్ కొనండి, వాళ్ల ప్లగ్గుకి మూడు పలక పిన్నులుంటాయి.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. సింగపూర్‌లో దిగడానికి మూడు రోజుల లోపు ఎస్‌జీ అరైవల్ కార్డ్ అని, ఆ దేశంలోకి వస్తున్నామని వివరాలిచ్చే ఫారం ఒకటి ఆన్‌లైన్‌లో నింపాలి. ప్రభుత్వ సైట్‌లో అది ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి పోకండి. వీసా వేరు, ఇది వేరు, రెండూ కావాలి. ఇప్పుడు పాస్‌పోర్ట్ మీద ముద్ర వేయడం లేదు, ఎన్ని రోజులు ఉండొచ్చో ఆ కార్డులో ఇచ్చిన ఈమెయిల్‌కే పంపుతారు. స్కూలు వాళ్లు అందరి తరఫునా నింపేస్తుంటే మీరు రోజూ తెరిచే ఈమెయిలే ఇచ్చారా అని ఒకసారి అడగండి.

ఇక ఫోను. దిగగానే ఒక మెసేజ్, హోటల్‌కి చేరాక ఒకటి, పడుకునే ముందు ఒక కాల్ అని ముందే మాట్లాడుకోండి. గంటకోసారి మీరు చేస్తుంటే పిల్లకి లేని కంగారు మీరే పుట్టించినట్టవుతుంది. హోటల్ పేరు, అడ్రసు, టీచర్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా ఆ కాగితం పనికొస్తుంది. గుంపు నుంచి విడిపోతే వెతుక్కుంటూ తిరగకుండా ఉన్నచోటే నిలబడి యూనిఫాంలో ఉన్నవాళ్లకి ఆ కాగితం చూపించమనండి. అక్కడ పోలీసు నంబరు 999.

ప్రశ్న: మా పిల్లల సింగపూర్ టూర్‌లో మొదటి రోజే జ్యువెల్ మాల్, మెర్లయన్ విగ్రహం, గార్డెన్స్ బై ద బే, లిటిల్ ఇండియా, రాత్రి లైట్ షో అని ప్రోగ్రామ్ ఇచ్చారు. అంత డబ్బు కట్టాం కదా, అన్నీ చూపించడం మంచిదేనా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మంచిది కాదండీ, ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. రాత్రంతా కూర్చుని వచ్చిన పిల్లల్ని భూమధ్యరేఖకి అంత దగ్గరున్న ఊళ్లో, ఆ ఉక్కపోతలో, అయిదు చోట్లకి తిప్పితే సాయంత్రానికి ఒకరికి తలనొప్పి, ఒకరికి వాంతులు. లైట్ షో దగ్గర సగంమంది నిద్రలో తూలుతుంటారు. జ్యువెల్ ఉంచమనండి, అది చాంగీ ఎయిర్‌పోర్టు ఒకటో టెర్మినల్ పక్కనే, లోపల ఏసీ, 40 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం చూసి పిల్లలు హుషారవుతారు. తర్వాత లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు వైపు మధ్యాహ్నం భోజనం పెట్టిస్తే అన్నం, సాంబారు దొరుకుతాయి, కడుపు నిండుతుంది. అక్కణ్నుంచి గదికెళ్లి రెండు మూడు గంటలు పడుకోనిచ్చి, చల్లబడ్డాక మెర్లయన్ దగ్గరికి నడిపిస్తే చాలు. గార్డెన్స్, లైట్ షో రెండో రోజుకి జరపమని నలుగురు తల్లిదండ్రులు కలిసి ఇప్పుడే స్కూలుని అడగండి. టికెట్లు బుక్ అయ్యాక ఎవరూ మార్చరు.

ప్రశ్న: నా గదిలో వేసిన ఇద్దరూ వేరే సెక్షన్ వాళ్లు, నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. పాస్‌పోర్ట్ నా దగ్గర ఉంచుకోవాలా, సార్‌కి ఇవ్వాలా? చూయింగ్ గమ్ తీసుకెళ్లొచ్చా?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, వరంగల్

జవాబు: గమ్ వద్దు నాన్నా, 1992 నుంచి ఆ దేశంలోకి తేవడం నిషేధం. మెట్రో రైల్లో కూడా ఏమీ తినకూడదు, తాగకూడదు, 500 సింగపూర్ డాలర్ల వరకు జరిమానా వేస్తారు. పాస్‌పోర్ట్ ఇమిగ్రేషన్ అయ్యేదాకా నీ దగ్గరే ఉండాలి, ఎవరిది వాళ్లే చూపించాలి. హోటల్‌కి చేరాక సార్‌కి ఇచ్చెయ్, దాని జిరాక్స్ నీ బ్యాగులో ఉంచుకో. ఆ ఇద్దరి సంగతంటావా, బయల్దేరే లోపే స్కూల్లో వెళ్లి పలకరించు. అడాప్టర్ ఎవరు తెస్తున్నారు, పొద్దున ముందు ఎవరు స్నానం చేస్తారు, అని అడిగితే చాలు, మిగతా మాటలు వాటంతటవే వస్తాయి.