వీక్ మెజర్‌మెంట్‌తో టన్నెలింగ్ సమయం: చేతికొచ్చేవి రెండు సంఖ్యలు

ప్రశ్న: క్వాంటం మెకానిక్స్‌లో కాలానికి ఆపరేటర్ (కొలవగల రాశిని సూచించే గణిత సాధనం) లేదంటారు కదా, మరి వీక్ మెజర్‌మెంట్‌తో టన్నెలింగ్ సమయం కొలిచామని ఎలా అంటున్నారు?

టన్నెలింగ్ అంటే దాటడానికి చాలినంత శక్తి లేకపోయినా కణం ఒక అడ్డుగోడను (బ్యారియర్) దాటడం. భౌతిక శాస్త్రవేత్త పౌలీ చెప్పిన అడ్డంకి నిజమే. శక్తికి కింద హద్దు ఉన్నంతవరకు దానికి జోడుగా కాలపు ఆపరేటర్ కుదరదు. కానీ ఈ ప్రయోగాల్లో అడిగేది కణం ఎప్పుడు వచ్చిందని కాదు, బ్యారియర్ లోపల ఎంతసేపు ఉందని. "లోపల ఉందా, లేదా" అన్నదానికి ప్రొజెక్షన్ ఆపరేటర్ (ఉంటే 1, లేకపోతే 0 ఇచ్చేది) ఉంది. కాలం వెంట దాన్ని ఇంటిగ్రేట్ చేస్తే ఆ వ్యవధే. గట్టిగా కొలిస్తే కణానికి అదనపు శక్తి వచ్చి అసలు టన్నెలింగే చెడిపోతుంది, అందుకే మెల్లగా తాకాలి, అదే వీక్ మెజర్‌మెంట్.

దానికి వాడేది లార్మర్ గడియారం: కణం స్పిన్ (దాని సహజ కోణీయ ద్రవ్యవేగం) అయస్కాంత క్షేత్రంలో తిరిగే తీరునే గడియారంగా వాడటం. 1966లో బాజ్ సూచించాడు, 1983లో బుటికర్ సరిచేశాడు. స్పిన్‌ను ఎక్స్ దిశలో నిలబెట్టండి. జెడ్ దిశలో బలహీనమైన అయస్కాంత క్షేత్రం బ్యారియర్ లోపల మాత్రమే ఉండాలి. అవతలికి దాటిన కణాల్లో స్పిన్ ఎంత తిరిగిందో చూసి, ఆ కోణాన్ని లార్మర్ పౌనఃపున్యంతో (ఆ క్షేత్రంలో స్పిన్ తిరిగే వేగం) భాగించండి, సమయం వస్తుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. స్పిన్ ఎక్స్-వై తలంలో తిరగడమే కాదు, జెడ్ వైపు కూడా వాలుతుంది. పైకి ఉన్న స్పిన్‌కూ కిందకు ఉన్న స్పిన్‌కూ బ్యారియర్ ఎత్తు కొద్దిగా వేరు, కాబట్టి ఒకటి ఎక్కువగా దాటుతుంది. ఇది గడియారం చదివిన సమయం కాదు, కొలత వల్ల కణానికి తగిలిన దెబ్బ. వీక్ వాల్యూ (వీక్ మెజర్‌మెంట్ ఇచ్చే సగటు విలువ) సంకీర్ణ సంఖ్య అని 1995లో స్టైన్‌బర్గ్ చూపించాడు: తిరిగిన కోణం దాని వాస్తవ భాగం, వాలు కాల్పనిక భాగం. రెండింటినీ వర్గాలు చేసి కలిపి ఒకే "సమయం"గా చెప్పడం నాకు సరికాదనిపిస్తుంది, వాటి అర్థాలే వేరు.

లెక్క ఒకటి చూద్దాం. వ్యవధి 0.6 మిల్లీసెకన్లు, కావలసిన కోణం 0.1 రేడియన్ అనుకుంటే, లార్మర్ పౌనఃపున్యం సెకనుకు 167 రేడియన్లు, అంటే దాదాపు 27 హెర్ట్జ్. దాటిన కణాలు 10,000 ఉంటే ప్రొజెక్షన్ నాయిస్ (క్వాంటం కొలతలో తప్పని యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు) 0.01 రేడియన్, లోపం 10 శాతం. 1 శాతం కావాలంటే 10 లక్షల కణాలు దాటాలి. క్షేత్రం పెంచితే తొందరగా అయిపోతుందనిపిస్తుంది, కానీ అప్పుడు అది వీక్ మెజర్‌మెంట్ కాదు. క్షేత్రపు మూడు నాలుగు బలాల దగ్గర కొలిచి సున్నా వైపు పొడిగించడమే సరైన దారి. క్షేత్రం దిశ తిప్పి ఇంకోసారి కొలిచి, తేడాలో సగం తీసుకుంటే స్థిరమైన ఆఫ్‌సెట్లు పోతాయి.

అన్నింటికంటే ఎక్కువగా ముంచేది వేగాల వ్యాప్తి. టన్నెలింగ్ సంభావ్యత శక్తితో చాలా వేగంగా పెరుగుతుంది. గుంపులో కొన్ని వేగమైన పరమాణువులున్నా, అవి బ్యారియర్ మీదుగా దూకేసి దాటినవాటిలో అధికభాగం అయిపోతాయి. అప్పుడు మీరు కొలిచేది టన్నెలింగే కాదు. క్షేత్రం బ్యారియర్ బయటికి కారినా సమయం ఎక్కువ చూపిస్తుంది, బ్యారియర్ తీసేసి ఒకసారి నడిపితే ఆ విషయం తెలుస్తుంది. చివరి రీడౌట్‌లో మూడు అక్షాలూ కొలవాలి. బ్లాక్ వెక్టర్ (ఆ మూడు అక్షాల స్పిన్ విలువలతో ఏర్పడే బాణం) పొడవు 1 కంటే బాగా తగ్గితే డీకోహెరెన్స్ (క్వాంటం పొందిక చెడిపోవడం) ఉందని అర్థం.

వెనక్కి వచ్చిన కణాల్ని పారేయకండి. దాటినవాటి వాలునూ, తిరిగొచ్చినవాటి వాలునూ వాటివాటి సంభావ్యతలతో గుణించి కూడితే సున్నా రావాలి, ఎందుకంటే క్షేత్రం జెడ్ స్పిన్‌ను మార్చలేదు. సున్నా రాలేదంటే అక్షాల అమరికలోనో, లెక్కింపులోనో తప్పుంది.

2020లో టొరంటోలో స్టైన్‌బర్గ్ బృందం ఈ పని చేసి చూపించింది. రుబీడియం-87 బోస్ కండెన్సేట్ (అతి చల్లబరిచి ఒకే క్వాంటం స్థితిలోకి తెచ్చిన పరమాణువుల గుంపు), 1.3 మైక్రోమీటర్ల మందపు కాంతి బ్యారియర్. టన్నెలింగ్ కనిపించిన కనిష్ఠ శక్తి దగ్గర 0.61 మిల్లీసెకన్లు వచ్చింది, అనిశ్చితి 0.07. ఇది ఏ ఒక్క పరమాణువు గడిపిన సమయమూ కాదు, దాటిన పరమాణువులన్నింటి మీద తీసిన సగటు.