ఎనిమిది ఎఫ్‌లు వస్తున్నాయంటే రిసీవర్ పాడైనట్టు కాదు

ఆర్డుయినో బోర్డుకు ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) రిసీవర్ కలిపి రిమోట్ కోడ్‌లు చదువుతుంటే, వాల్యూమ్ బటన్ నొక్కి పట్టుకున్నప్పుడు ఒకసారి సరైన కోడ్, ఆ తర్వాత వరుసగా ఎనిమిది ఎఫ్‌లు (FFFFFFFF) వస్తున్నాయన్నారు కదండీ, టెన్షన్ పడకండి. సెన్సర్ మార్చే పనేమీ లేదు. మీది ఎన్‌ఈసీ అనే సంకేత పద్ధతిలో కోడ్ పంపే రిమోట్. బటన్ వదలనంతసేపూ అది పూర్తి కోడ్ మళ్లీ పంపదు. సుమారు 110 మిల్లీసెకన్లకోసారి "ఇంకా నొక్కే ఉంది" అనే చిన్న సంకేతం మాత్రమే పంపుతుంది. రిమోట్ సంకేతాలను చదివే ఐఆర్‌రిమోట్ (IRremote) లైబ్రరీ పాత వెర్షన్లు దాన్నే అలా చూపిస్తాయి.

చివరగా వచ్చిన అసలు కోడ్‌ను ఒక వేరియబుల్‌లో దాచండి. ఎఫ్‌లు వచ్చినప్పుడు ఆ దాచిన కోడ్‌నే వాడండి. పవర్ బటన్‌కు మాత్రం ఇలా చేయొద్దు, దాంతో నడిపే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. అక్కడ ఎఫ్‌లను వదిలేయండి. ప్రతిసారీ కోడ్ చదివాక, తర్వాతి సంకేతం అందుకోవడానికి రెజ్యూమ్ (resume) ఫంక్షన్‌ను పిలవడం మరవకండి.

వీలైతే ఆ లైబ్రరీలో 3.0 తర్వాతి వెర్షన్‌కు మారండి. అందులో అదే కమాండ్ మళ్లీ ఇచ్చి, రిపీట్ అని ఫ్లాగ్ (గుర్తు) కూడా పెడుతుంది. కాకపోతే ప్రోగ్రామ్‌లో సంకేతాన్ని చదివే డీకోడ్ లైన్లు కొత్త పద్ధతిలో రాసుకోవాలి.