యారబా: మిషన్‌గా మొదలైన ఊరు

"ఆస్ట్రేలియాలోని యారబాను చర్చి వాళ్లే కట్టారట కదా, మన మిషన్ బళ్లు, ఆసుపత్రుల్లాంటిదేనా?" అని ఒకరు నన్నడిగారు.

కాదండీ. మన దగ్గర పిల్లల్ని మిషన్ బడికి పంపాలా వద్దా అన్నది అమ్మానాన్నల ఇష్టం. యారబాకు అమ్మానాన్నల దగ్గర్నుంచి లాక్కొచ్చి అప్పగించిన పిల్లలున్నారు.

నేనుండేది క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని కెయిన్స్ నగరంలో. పని మీద ఆ ఊరికి వెళ్లొస్తుంటాను. సముద్రపు పాయకు అవతలే ఉంటుంది గానీ, రోడ్డు మీద చుట్టూ తిరిగి కొండ దాటాలంటే దాదాపు 50 కిలోమీటర్లు.

1892లో జాన్ గ్రిబుల్ అనే ఆంగ్లికన్ పాస్టర్ గుంగ్గంజీ అనే ఆదిమవాసుల నేల మీద ఈ మిషన్ పెట్టాడు. మరుసటి ఏడే ఆయన పోతే కొడుకు ఎర్నెస్ట్ అందుకున్నాడు. 1897లో క్వీన్స్‌లాండ్ తెచ్చిన చట్టంతో ఆదిమవాసులు ఎక్కడుండాలో ప్రభుత్వమే తేల్చేది. ఎక్కడెక్కడి పిల్లల్నో తెచ్చి ఆడపిల్లల్ని ఒక డార్మిటరీలో, మగపిల్లల్ని ఇంకోదాంట్లో ఉంచారు. ఆ ఊళ్లో నాకు పరిచయమైన ఒక పెద్దావిడ వాళ్ల అమ్మమ్మను ఏ ఊరి నుంచి తెచ్చారో ముందు చెప్పి, తర్వాతే తన పేరు చెప్పింది. అక్కడ చాలా కుటుంబాలకు ఇలాంటి రెండో ఊరొకటి ఉంది.

నన్నడిగితే, పాస్టర్ల కథ కంటే 1957 సమ్మె గురించి ముందు తెలుసుకోవాలి. చాలీచాలని తిండి, జబ్బులు, గొడ్డుచాకిరీ భరించలేక జనం పని మానేశారు. ముందుండి నడిపించినవాళ్లను ఊళ్లోంచి వెళ్లగొట్టారు. వాళ్ల వెంట ఇంకా చాలామంది బయటికి నడిచి, కెయిన్స్ చుట్టుపక్కలే బతుకు వెతుక్కున్నారు. పుట్టిన ఊరు, అయినవాళ్లు, అన్నీ వదులుకుని! దీన్ని చరిత్ర పుస్తకాల్లో రెండు వాక్యాల్లో తేల్చేస్తే నాకు బాధేస్తుంది.

1960లో మిషన్ ప్రభుత్వం చేతికి వెళ్లింది. పెత్తనం చేతులు మారిందే గానీ పోలేదు. ఆ రాష్ట్రంలో ఆదిమవాసుల జీతాలు కూడా చాలాకాలం ప్రభుత్వం గుప్పిట్లోనే ఉన్నాయి. ఆ డబ్బు కోసం వేసిన కేసులో 2019లో 19 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అప్పటికే ఎంతోమంది కన్నుమూశారు.

1986లో భూమి ట్రస్టు పట్టా కింద ఊరి కౌన్సిల్‌కు వచ్చింది. 2011లో గుంగ్గంజీల సంప్రదాయ హక్కును కోర్టు గుర్తించింది. 2014 నుంచి ఊరి ప్రాథమిక వైద్యాన్ని అక్కడివాళ్ల సంస్థ గురినీ యెలముకా నడుపుతోంది. మీరు వెళ్తే మెన్‌మునీ మ్యూజియం చూడండి. గ్రిబుల్ వచ్చిన నాటి గుంగ్గంజీ పెద్ద పేరే దానికి పెట్టారు.