ఇంట్లో రక్షణకు ఫ్రాంజిబుల్ తూటాలు పనికొస్తాయా?

డాలస్‌లో అపార్ట్‌మెంట్, పక్క గదిలో చిన్నపాప, గోడ అవతల వేరేవాళ్లు. గోడ దాటవని షాపువాడు చెప్పిన ఫ్రాంజిబుల్ రౌండ్లు, అంటే తగలగానే పొడైపోయేలా చేసిన తూటాలు, 9 ఎంఎం పిస్టల్‌లో పెట్టుకోవచ్చా అని మీ ప్రశ్న. నేనైతే పెట్టను. ప్రాక్టీస్‌కి మాత్రం హాయిగా వాడతాను.

అసలు ఆ పేరుతో రెండు రకాల సరుకు అమ్ముతున్నారు. మొదటిది రాగి పొడి, తగరం పొడి కలిపి గట్టిగా నొక్కి చేసిన ట్రైనింగ్ తూటా. మెరుపుండదు, మట్టిరంగులో ఉంటుంది. మా షూటింగ్ రేంజ్‌లో దగ్గర్నుంచి స్టీల్ ప్లేట్లు కొట్టాలంటే ఇదే వాడాలి. తగలగానే పిండి ఉండలా పొడైపోతుంది, ముక్కలు మన మీదికి ఎగిరిరావు, సీసం దుమ్ము బాధ తక్కువ. అది కళ్లారా చూశాక గోడకు తగిలినా అంతేనేమో అనిపిస్తుంది. కాదండీ. అది పగలాలంటే స్టీల్ లాంటి గట్టి వస్తువు తగలాలి. ఇక్కడి ఇళ్లలో లోపలి గోడంటే అర అంగుళం జిప్సం షీట్లు రెండు, మధ్యలో ఖాళీ. వాటిని మామూలు తూటాలాగే దూసుకుపోతుంది. ఒంట్లో తగిలినా చాలాసార్లు పగలకుండానే అవతలికి వెళ్లిపోతుంది.

రెండోది గ్లేజర్ సేఫ్టీ స్లగ్ బాపతు: పలచని రాగి తొడుగులో సన్నటి సీసపు గుళ్లు. ఇది ఒంట్లో నిజంగానే చెదిరిపోతుంది, కానీ లోతుకి దిగదు. మందపాటి జాకెట్టో, అడ్డం పెట్టిన చెయ్యో తగిలితే ఇంకా కష్టం. 1986లో మయామీ కాల్పుల్లో ఎఫ్‌బీఐ వాళ్లు కొట్టిన 9 ఎంఎం హాలో పాయింట్ (ముక్కున గుంట ఉండి, ఒంట్లో తగలగానే విచ్చుకునే తూటా) ఒకటి దుండగుడి చేతిలోంచి ఛాతీలోకి వెళ్లి గుండె దగ్గరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత కూడా అతను కాలుస్తూనే ఉన్నాడు, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. తూటా, ఒంటి కండకి బదులు పరీక్షకి వాడే జెల్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్న ఎఫ్‌బీఐ లెక్క ఆ ఘటన తర్వాత వచ్చిందే. గ్లేజర్ లాంటివి దానికి చాలా ముందే ఆగిపోతాయి. పైగా ఖరీదు. మీ గన్‌లో ఇరుక్కోకుండా ఆడుతున్నాయో లేదో చూసుకోవడానికి డబ్బాలు డబ్బాలు ఎవరు కాలుస్తారు?

పోలీసులు వాడే రకం 124 లేదా 147 గ్రెయిన్ (తూటా బరువు లెక్క) హాలో పాయింట్ తీసుకోండి. అదీ జిప్సం గోడ దాటుతుంది, అందులో అనుమానం లేదు. అందుకే తూటా బ్రాండ్ కన్నా మీరు ఎటు తిరిగి నిలబడతారన్నది ముందు తేల్చుకోవాలి. మా బెడ్‌రూమ్ గుమ్మంలో నిలబడి ముందు తలుపు వైపు చూస్తే, సరిగ్గా ఆ వరసలోనే గోడ అవతల మా అమ్మాయి మంచం ఉండేది. మంచాన్ని పక్క గోడకి జరిపాం. మీరూ ఒకసారి అలా నిలబడి చూడండి.

గన్‌కి తాళం ఉన్న పెట్టె కొనడం ఎలాగూ తప్పదు, పాప ఉంది కాబట్టి. మీకు గ్రీన్ కార్డ్ ఉందన్నారు, సరే. మీ ఆవిడ ఇంకా హెచ్‌1బీ మీదే ఉంటే మాత్రం, కొన్ని మినహాయింపులు తప్ప ఆ వీసావాళ్ల దగ్గర గన్ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. ఆ పెట్టె తాళం ఆవిడకి ఇవ్వచ్చో లేదో లాయర్‌ని అడిగాకే ఇవ్వండి.