కొనేముందు కెమెరా చురుకుదనం ఇలా కొలుచుకో

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కొనాలనుకుంటున్న డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగలిగే కెమెరా) రెండు రోజులు నీ దగ్గరే ఉంటుందని రాశావు. బటన్ నొక్కాక ఫొటో పడటానికి ఆలస్యమవుతోందనీ, కెమెరా స్లో ఏమోననీ అనుమానపడ్డావు. తొందరపడి ఆ ముద్ర వెయ్యకు. ఆలస్యం ఫోకస్‌లో ఉండొచ్చు, అద్దం లేచి షట్టర్ తెరుచుకోవడంలో ఉండొచ్చు, కార్డు మీద రాసుకోవడంలో ఉండొచ్చు. మొదటిదానికి చాలాసార్లు లెన్స్ మారిస్తే సరిపోతుంది, మూడోదానికి కార్డు మారిస్తే చాలావరకు తీరిపోతుంది. మధ్యదే బాడీ (లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా) సొంత గుణం, దాన్ని ఎవరూ మార్చలేరు. కాబట్టి మూడింటినీ విడదీసి కొలువు.

కొలిచేముందు కెమెరాను ఒక దారికి తెచ్చుకో. బ్యాటరీ నిండా చార్జ్ చెయ్యి. కార్డును ఆ కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి. మోడ్ మాన్యువల్‌లో, షట్టర్ స్పీడ్ 1/500 లేదా అంతకన్నా వేగంగా, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) తక్కువలో పెట్టు. నాయిస్ రిడక్షన్, లెన్స్ కరెక్షన్, ఫ్లికర్ తగ్గించే సెట్టింగ్ లాంటివన్నీ ఆపెయ్యి, ఒక్కొక్కటీ కొంత వేగాన్ని తినేసేవే. నికాన్ డీ300 మామూలుగా సెకనుకు 6 ఫొటోలు తీసేది. అదే కెమెరాలో రా (సెన్సార్ ఇచ్చినదాన్ని దాదాపు అలాగే దాచే) ఫైల్‌ని ఎక్కువ వివరం దాచే 14 బిట్‌కి మారిస్తే వేగం 2.5కి పడిపోయేది. సెట్టింగ్ చూసుకోకుండా దాన్ని పరీక్షించినవాళ్ళు కెమెరా పాడైందనే అనుకుని ఉంటారు.

ఇక ఆలస్యం కొలవడం. కంప్యూటర్ తెర మీద స్టాప్‌వాచ్ నడిపి, అంకె సున్నాకి రాగానే బటన్ నొక్కి, ఫొటోలో ఎంత పడిందో చూడమని చాలామంది చెబుతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. అంకె చూసి వేలు కదిలేసరికే సెకనులో ఐదో వంతు గడిచిపోతుంది, అంటే కెమెరాతో పాటు నీ వేలిని కూడా కొలుస్తున్నావన్నమాట. పైగా మామూలు తెర సెకనుకు 60 సార్లే మారుతుంది, కాబట్టి అంకెలోనే 17 మిల్లీసెకన్ల దాకా తేడా ఉంటుంది.

దానికన్నా ఫోన్‌లో స్లోమోషన్ వీడియో నయం. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనైతే ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీసెకన్లు. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, ఫ్లాష్ ఆన్ చేసి మాన్యువల్ పవర్‌లో ఉంచు. ఆటోలో ఉంటే అసలు మెరుపుకు ముందు వెలుతురు కొలిచే చిన్న మెరుపు ఒకటి వస్తుంది, అది లెక్క తప్పిస్తుంది. ఈ ఒక్క పరీక్షకు మాత్రం షట్టర్ స్పీడ్ 1/125కి దించు. అప్పుడు షట్టర్ మొదటి పరదా పూర్తిగా తెరుచుకున్న క్షణంలోనే ఫ్లాష్ వెలుగుతుంది. నీ వేలు, బటన్, ఫ్లాష్ మూడూ ఫోన్‌లో కనబడేలా పెట్టి, లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌లోకి మార్చి, ఒక్క ఊపున బటన్ పూర్తిగా నొక్కు. తర్వాత వీడియోను ఫ్రేము ఫ్రేముగా కదుపుతూ, వేలు అడుగుకి దిగిన ఫ్రేము నుంచి ఫ్లాష్ వెలిగిన ఫ్రేము దాకా లెక్కపెట్టు. 25 ఫ్రేములు వస్తే సుమారు 104 మిల్లీసెకన్లు. ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అవుతాయి, అందుకే పదిసార్లు తీసి సగటు చూడు.

ఇదే పరీక్షను ఆటోఫోకస్ ఆన్ చేసి మళ్ళీ చెయ్యి. నొక్కే ముందు ప్రతిసారీ లెన్స్‌ను చేత్తో దూరానికి తిప్పేసి, దగ్గరి వస్తువు మీదికి గురిపెట్టు. రెండో అంకెలోంచి మొదటి అంకె తీసేస్తే మిగిలేది ఫోకస్ తీసుకున్న సమయం. డిజిటల్ కెమెరాల వేగం కొలవడానికి 2013లో వచ్చిన ఐఎస్ఓ 15781 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ రెంటినీ విడివిడిగానే కొలవమంటుంది. ఫోకస్ లేకుండా మామూలు బాడీలు 100 మిల్లీసెకన్ల దగ్గర ఉంటాయి, ఖరీదైనవి 50 చుట్టుపక్కలకి వస్తాయి. ఫోకస్ కలిస్తే అది రెట్టింపు, మూడింతలు కావడం మామూలే. నువ్వు చెప్పిన ఆలస్యం అక్కడే దొరుకుతుందని నా నమ్మకం. మంచి వెలుతురులో ఒకసారి, సాయంత్రం మసక వెలుతురులో ఒకసారి, మధ్య ఫోకస్ పాయింట్‌తో ఒకసారి, అంచు పాయింట్‌తో ఒకసారి చూడు. వ్యూఫైండర్‌లోంచే చూసి తియ్యి. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూసి తీసేటప్పుడు, చాలా డీఎస్ఎల్ఆర్‌లకి ఫోకస్ పద్ధతే వేరు, నెమ్మదిగా ఉంటుంది.

ఈ మిల్లీసెకన్ల గొడవ ఎందుకంటావేమో. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్ 100 మిల్లీసెకన్లలో 80 సెంటీమీటర్లు పైగా ముందుకు వెళ్ళిపోతుంది. నువ్వు తీయాలనుకునేవి ఆటలు, పిల్లల పరుగులు. అందుకే ఇంత చెబుతున్నాను.

వరసగా తీసే వేగానికి చెవే సాక్షి. కెమెరా పక్కన ఫోన్ పెట్టి శబ్దం రికార్డు చెయ్యి, బటన్ నొక్కి పట్టుకో. ఆ రికార్డింగ్‌ని ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ప్రతి క్లిక్కూ ఒక నిలువు గీతలా నిలబడి కనబడుతుంది. పదకొండు క్లిక్కుల మధ్య పది ఖాళీలు ఉంటాయి. ఆ పది ఖాళీలకి పట్టిన సెకన్లతో పదిని భాగిస్తే సెకనుకు ఎన్నో తేలిపోతుంది. కానన్ 1500డీకి 3, నికాన్ డీ3500కి 5, డీ500కి 10 అని కంపెనీలు చెబుతాయి. నీకొచ్చిన అంకె నీ మోడల్‌కి చెప్పిన దానికన్నా బాగా తక్కువైతే ముందు సెట్టింగులు మళ్ళీ చూడు.

బటన్ వదలకుండా ఇంకా పట్టుకునే ఉండు. ఒకచోట గీతలు దూరం దూరంగా జరగడం మొదలవుతుంది, బఫర్ (కార్డుకి వెళ్ళేముందు ఫొటోలు ఆగే కెమెరా లోపలి మెమరీ) నిండిందన్నమాట. అక్కడిదాకా ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టు. అప్పుడు వేలు తీసి, కార్డు లైటు ఆరేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూడు. ఈ పరీక్ష లెన్స్ మూత పెట్టి చేస్తే ఫలితం మోసం చేస్తుంది. నల్లటి ఫొటో ఫైల్ చిన్నది, బఫర్ పెద్దదన్న భ్రమ కలుగుతుంది. ఆకులు దట్టంగా ఉన్న చెట్టునో, పుస్తకాల అరనో తియ్యి. రాలో ఒకసారి, జేపెగ్‌లో ఒకసారి.

కార్డు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. కార్డు మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకె ఎక్కువగా చదివే వేగమే, రాసే వేగం కాదు. వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని. 25 మెగాబైట్ల రా ఫైళ్ళు సెకనుకు ఐదు చొప్పున వస్తే 125 మెగాబైట్లు. కెమెరాకీ కార్డుకీ మధ్య ఉండే యూహెచ్ఎస్ ఒకటో రకం దారి సెకనుకు గరిష్ఠంగా 104 మెగాబైట్లు మాత్రమే మోస్తుంది. అంటే ఆ దారి ఉన్న కెమెరాలో ఏ కార్డు పెట్టినా రాలో బఫర్ ఎప్పుడో ఒకప్పుడు నిండుతుంది. మంచి కార్డు చేసే మేలల్లా అది త్వరగా ఖాళీ అవడం.

ఆన్ చెయ్యగానే ఎంతసేపట్లో సిద్ధమవుతుందన్నదాని మీద ఎక్కువ సమయం పెట్టకు. డీఎస్ఎల్ఆర్‌లు దాదాపు అన్నీ వెంటనే లేస్తాయి. సెన్సార్ శుభ్రం చేసుకుంటున్నట్టు తెర మీద కనబడినా, బటన్ సగం నొక్కితే చాలా మోడళ్ళలో అది ఆగిపోతుంది.

చివరగా ఎవరినైనా సైకిల్ మీద నీ వైపే రమ్మను. షట్టర్ 1/1000, కంటిన్యువస్ ఫోకస్ (కదిలే వస్తువును వెంబడించే ఫోకస్), బటన్ నొక్కి పట్టు. తర్వాత ఫొటోలన్నీ నూరు శాతం పెద్దవి చేసి చూసి, ముఖం స్పష్టంగా ఉన్నవెన్నో లెక్కపెట్టు. సెకనుకు పది తీసి నాలుగు స్పష్టంగా వచ్చే కెమెరా కన్నా, ఐదు తీసి ఐదూ స్పష్టంగా వచ్చేదే నీకు పనికొస్తుంది. ఈ పరీక్షలో తప్పితే వెంటనే వద్దనెయ్యకు, తెలిసినవాళ్ళ దగ్గర ఫోకస్ తిప్పే కొత్త మోటారున్న లెన్స్ ఒకటి అడిగి తెచ్చి అదే దారిలో మళ్ళీ తీసి చూడు. అప్పటికీ తప్పుతుంటే కెమెరా తిరిగిచ్చెయ్యి. సరిగ్గా వస్తే మాత్రం బాడీ తీసుకో, దానికున్న లెన్స్ వద్దని బేరమాడు.

ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి నాకు పంపించు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న